క్లైడ్‌బ్యాంక్ ఖాందాన్: నిజాం, టిప్పు సుల్తాన్, రాజ్‌పుత్

నిజాం, టిప్పు సుల్తాన్, రాజ్‌పుత్. ఈ ముగ్గురూ ఒకే కార్ఖానాలో పుట్టారని చెబితే మజాక్ చేస్తున్నాననుకుంటారు. కానీ ఖుదా కసమ్, నిజంగానే పుట్టారు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో షహర్ పక్కన, క్లైడ్ నది ఒడ్డున క్లైడ్‌బ్యాంక్ అనే బస్తీ ఉంది. అక్కడి జాన్ బ్రౌన్ కంపెనీ షిప్‌యార్డులో 1940లో ఒకటి, 1941లో ఒకటి, 1942లో ఒకటి, వరసగా మూడు జంగీ జహాజులు నీళ్లలోకి దిగాయి. మొదటిదాని పేరు పుట్టుకతోనే నిజాం. మిగతా రెండింటికి ఇంగ్లీషు పేర్లు ఉండేవి: ఆన్‌స్లో, రోథర్‌హామ్. జంగ్ అయిపోయాక, మన ముల్క్ రెండు ముక్కలయ్యాక, అంగ్రేజులు ఆ రెండింటినీ అమ్మకానికి పెట్టారు. ఆన్‌స్లో కరాచీ చేరి టిప్పు సుల్తాన్ అయింది. రోథర్‌హామ్ బొంబాయి చేరి రాజ్‌పుత్ అయింది. రెండూ 1949లోనే.

తారీఖు అంటే మన ఇళ్లల్లో ఖిలాలు, మక్బరాలు, తఖ్తులు. ఉర్దూ మీడియం బడిలో మైసూరు జంగులు చదివినప్పుడు మా ఉస్తాద్ శ్రీరంగపట్నం కోట నక్షా నల్లబల్ల మీద గీసేవారు. సమందర్ మీద ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే వీడియోల్లో టిప్పు ఎవరివాడు, నిజాం ఎవరివాడు, గాజీ అంటే ఎవరు అని రోజుకో పంచాయతీ నడుస్తోంది. పేర్లను పట్టుకుని మనుషుల వఫాదారీ తూచే ఈ జమానాలో, ఆ పేర్లు మోసిన ఇనుము కథ ఒకసారి చెప్పుకుందామనిపించింది.

ముందు ఈ డిస్ట్రాయర్ అంటే ఏమిటో చూద్దాం. తెలుగు పత్రికల్లో విధ్వంసక నౌక అని రాస్తాం. ఆ మాట వింటే పెద్ద పహాడ్ లాంటి ఓడ గుర్తుకొస్తుంది. నిజానికి అది చిన్న జహాజు. పొడవుగా, సన్నగా, పల్చటి ఇనుప రేకులతో ఉంటుంది. కవచం దాదాపు లేనట్టే. దాని బలం రెండింటిలో ఉంది: 36 నాట్ల రఫ్తార్, పక్కన మోసే టార్పెడోలు. పెద్ద బ్యాటిల్‌షిప్పులు సుల్తానులైతే ఇవి వాటి ముందు పరుగెత్తే సవార్లు. జలాంతర్గాములను వెతకడం, సామాన్ల జహాజుల కాఫిలాను కాపాడటం, మునిగిపోతున్నవాళ్లను ఎత్తుకురావడం, ఎక్కడ ఖత్రా ఉంటే అక్కడికి ముందుగా వెళ్లడం వీటి పని. అందుకే ఎక్కువగా మునిగినవీ ఇవే. దూసరీ జంగ్-ఎ-అజీమ్, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటన్ పోగొట్టుకున్న డిస్ట్రాయర్లు వందకు పైమాటే.

అంగ్రేజులు వీటిని క్లాసుల వారీగా కట్టేవారు. ఒక క్లాసు అంటే ఒకే నక్షాతో కట్టిన అక్కాచెల్లెళ్ల జట్టు, మామూలుగా ఎనిమిది. ఒక జట్టు మొత్తానికి పేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. మనం పిల్లలకు అలిఫ్, బే, పే నేర్పినట్టు ఎన్, ఓ, పీ, క్యూ, ఆర్ అంటూ సాగుతుంది వరస. జంగ్ మొదలయ్యాక హడావిడిగా ఆర్డరు చేసినవి ఇలా పద్నాలుగు జట్లు, మొత్తం 112 జహాజులు. వాటిని వార్ ఎమర్జెన్సీ ప్రోగ్రామ్ అన్నారు. తీరిక లేదు, మంచి తోపులకు వక్త్ లేదు. చేతిలో ఉన్న పాత నమూనా తోపులే ఎక్కించి సమందర్‌లోకి తోశారు. ఓ క్లాసులో సగం జహాజులకు 4.7 అంగుళాల తోపులు దక్కితే, మిగతా సగానికి 4 అంగుళాలవే దొరికాయి.

జంగ్‌కు ముందు కట్టినవాటిలో ట్రైబల్ క్లాసు అని ఒకటుంది. వీటికి అక్షరాల లెక్క లేదు, కౌమ్‌ల పేర్లు పెట్టారు: అఫ్రీదీ, సిఖ్, గూర్ఖా, పంజాబీ, సోమాలీ, బెడూయిన్, జులూ, మావోరీ. ఈ ఫెహ్‌రిస్త్ చూడండి. చాలావరకు సల్తనత్ ఎక్కడో ఒకచోట తుపాకీ పట్టి ఎదుర్కొన్న కౌమ్‌లే. 1897లో తీరాహ్ పహాడ్ల మీద అఫ్రీదీలతో లడాయి చేశారు. నలభై ఏళ్లకు వాళ్ల పేరే తమ జహాజుకు రాసుకున్నారు. బహాదురీని ఒప్పుకోవడమా, శికార్ చేసిన పులి తోలును గోడకు వేలాడదీయడమా? నాకు రెండోదే అనిపిస్తుంది. ఆ అఫ్రీదీ 1940 మే 3న నార్వే దగ్గర జర్మన్ విమానాల దాడిలో మునిగింది. బ్రిటన్ కట్టుకున్న 16 ట్రైబల్ జహాజుల్లో 12 జంగ్‌లోనే పోయాయి.

ఇక మన నిజాం సంగతికి వద్దాం.

ఎన్ క్లాసు డిస్ట్రాయర్ నిజాం 1940 జూలైలో క్లైడ్‌బ్యాంక్‌లో నీళ్లలోకి దిగింది. కట్టడానికి రకమ్ ఇచ్చింది హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అంగ్రేజుల జంగులకు ఆసఫ్‌జాహీ ఖజానా తలుపులు తెరవడం అప్పటికి కొత్త కాదు. వాళ్ల హవాయీ ఫౌజులో ఒకటికి మించి స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు ఉండేది. అయితే ఆ పైసా ఎక్కడిది? సర్ఫ్-ఎ-ఖాస్‌దా, దీవానీదా అని ముఅర్రిఖులు బహస్ చేయొచ్చు. ఏ డబ్బా చూసినా చివరికి అది జమీన్ మీద వచ్చిన పైసాయే. నల్గొండలో, వరంగల్‌లో, బీదర్‌లో, ఔరంగాబాద్‌లో హల్ దున్నిన రియాయా చెమటే. ఆ రైతుల్లో సమందర్ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్ల మాల్‌గుజారీ వెళ్లి క్రీట్ జజీరా దగ్గర తేలింది.

జహాజు మీద పనిచేసింది బ్రిటన్ వాళ్లు కూడా కాదు. ఎన్ క్లాసు ఎనిమిదిలో ఐదింటిని ఆస్ట్రేలియా నేవీకి అప్పగించారు, నిజాం వాటిలో ఒకటి. చార్మినార్ చూడని ఆస్ట్రేలియా కుర్రాళ్లు టోపీ మీద నిజాం పేరు పెట్టుకుని 1941 మే నెలలో క్రీట్‌కు వెళ్లారు. జర్మన్లు పైనుంచి పారాచూట్లతో దిగి ఆ జజీరాను పట్టుకున్నారు. ఓడిన ఫౌజు పహాడ్లు దాటి దక్షిణాన స్ఫాకియా అనే చిన్న మచ్చీమారుల ఊరు చేరింది. రాత్రి చీకట్లో వెళ్లి, తెల్లారేలోపు వాళ్లను ఎత్తుకొచ్చేయాలి. తెల్లారితే పైన జర్మన్ విమానాలు. మే 30 రాత్రి నేపియర్, నిజాం రెండే వెళ్లి దాదాపు 1,400 మందిని తీసుకొచ్చాయి. రెండు వందల మంది మాత్రమే ఉండాల్సిన జహాజులో ఏడు వందల మంది అదనంగా ఎక్కితే ఎలా ఉంటుందో మన మొహర్రం రోజుల సిటీ బస్సు ఎక్కినవాళ్లకు కొంత తెలుస్తుంది.

అదే క్రీట్ దగ్గర, వారం ముందు, మే 23న, కెల్లీ అనే డిస్ట్రాయర్ మునిగింది. నిజాంకూ దానికీ నక్షా దాదాపు ఒకటే. దాని కప్తాన్ నూనె తేలిన నీళ్లలో ఈది బతికాడు. ఆయన పేరు లార్డ్ లూయీ మౌంట్‌బాటెన్. ఆరేళ్ల తర్వాత మన ముల్క్‌ను పంచిన చివరి వైస్రాయ్ ఈయనే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నిజాంకు దుష్మన్ తోపుకన్నా పెద్ద దెబ్బ కొట్టింది సమందరే. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొస దగ్గర ఒక పెద్ద లహర్ వచ్చి జహాజును పక్కకు పడుకోబెట్టేసింది. డెక్కు మీదున్న పది మంది కొట్టుకుపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 2న జపాన్ హార్ ఒప్పుకుంటూ దస్తఖత్ చేసిన రోజు, టోక్యో అఖాతంలో నిలబడిన జహాజుల్లో నిజాం కూడా ఉంది. తర్వాత మూడేళ్లకు ఆ పేరు గల రియాసతే లేకుండా పోయింది.

రెండో బచ్చా కథ ఇంకా గట్టిది. 1941 మార్చి 13, 14 రాత్రుల్లో జర్మన్ విమానాలు క్లైడ్‌బ్యాంక్ మీద బాంబులు కురిపించాయి. 528 మంది చనిపోయారు. బస్తీలో ఉన్న దాదాపు పన్నెండు వేల ఇళ్లలో దెబ్బ తగలకుండా మిగిలినవి పదిలోపే. ఆ రాత్రులు షిప్‌యార్డులో సగం కట్టి ఉన్న జహాజుల్లో ఆన్‌స్లో ఒకటి. రెండు వారాలు దాటీ దాటకముందే, మార్చి 31న, దాన్ని నీళ్లలోకి దింపారు. ఇల్లు కూలి, మయ్యత్‌లు ఖననం చేసి వచ్చిన మజ్దూర్లే మళ్లీ రివెట్లు కొట్టారన్నమాట. జహాజుల తారీఖుల్లో అడ్మిరళ్ల పేర్లు ఉంటాయి, ఈ మజ్దూర్ల పేర్లు ఉండవు. అది నాకు ఎప్పుడూ ఖటక్ అనిపించే విషయం.

ఆ సంవత్సరం డిసెంబరు 27న నార్వే తీరంలో వాగ్సో అనే చోట అంగ్రేజు కమాండోలు దిగారు. అక్కడ చేప నూనె తీసే కార్ఖానాలు ఉండేవి, ఆ నూనె నుంచి జర్మన్లు బారూద్‌కు కావలసిన గ్లిజరిన్ తీసుకునేవారు. కమాండోలు వాటిని పేల్చేశారు. ఇరుకైన ఫియర్డ్ లోపలికి, రెండు పక్కలా మంచు పహాడ్ల మధ్య, వాళ్లకు సాయంగా వెళ్లినవి కెన్యా అనే క్రూజరు, నాలుగు డిస్ట్రాయర్లు. ఈ దాడులన్నీ నడిపే దఫ్తర్‌కు అప్పుడు అధికారి మౌంట్‌బాటెన్.

ఆ నాలుగు డిస్ట్రాయర్ల పేర్లు: ఆన్‌స్లో, ఆఫా, ఒరిబీ, చిడింగ్‌ఫోల్డ్. ఇప్పుడు వాటి కిస్మత్ చూడండి. ఆన్‌స్లో పాకిస్తాన్ నేవీలో టిప్పు సుల్తాన్ అయింది. ఆఫా అక్కడే తారిఖ్ అయింది, స్పెయిన్ ఒడ్డున దిగిన తారిఖ్ బిన్ జియాద్ పేరు. ఒరిబీ టర్కీకి వెళ్లి గైరత్ అయింది, వాళ్ల లాటిన్ లిపిలో గయ్రెత్. చిడింగ్‌ఫోల్డ్ మన దగ్గరికి వచ్చి ఐఎన్ఎస్ గంగ అయింది. ఒక చలికాలపు పొద్దున ఒకే ఫియర్డ్‌లో పక్కపక్కన తోపులు పేల్చిన నాలుగు జహాజులు, పదిహేనేళ్లు గడవకముందే మూడు ముల్కుల జెండాల కింద ఉన్నాయి. నాకు ఈ ముక్క తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా నానా తమ్ముడు కరాచీ వెళ్లిపోయిన కథ మా అమ్మీ ఎన్నిసార్లు చెప్పిందో. ఇనుముకు కూడా బట్వారా జరుగుతుందని అప్పుడే అనిపించింది.

ఆన్‌స్లో పేరు నేవీ కితాబుల్లో నిలిచింది మాత్రం 1942 డిసెంబరు 31న. ఉత్తరాన బారెంట్స్ సమందర్‌లో, పగలు కూడా సూరజ్ కనిపించని నెలలో. స్టాలిన్ ఫౌజుకు సామాన్లు మోసుకుపోతున్న పద్నాలుగు జహాజుల కాఫిలా. అందులో రెండు వందల ట్యాంకులు, రెండు వేల మోటారు బండ్లు, వందకు పైగా విమానాలు. కాపలాకు ఉన్న కొద్ది డిస్ట్రాయర్లకు సర్దార్ ఆన్‌స్లో, కప్తాన్ రాబర్ట్ షెర్‌బ్రూక్. ఎదురుగా వచ్చింది జర్మన్ల భారీ క్రూజరు అడ్మిరల్ హిప్పర్, ఇంకో దిక్కు నుంచి లుట్జో, వాటి వెంట ఆరు డిస్ట్రాయర్లు. హిప్పర్ తోపుల గుండు 8 అంగుళాలది. ఆన్‌స్లోది 4.7. తోపుకు తోపు ఎదురుపెడితే ఐదు నిమిషాల ఆట.

షెర్‌బ్రూక్ చేసిన హికమత్ ఏమిటంటే, టార్పెడోలు వదలలేదు. వదలబోతున్నట్టు మీదికి ఉరికాడు, మళ్లీ తిరిగాడు, మళ్లీ ఉరికాడు. టార్పెడో నీళ్లలోకి వదిలేస్తే ఖేల్ ఖతమ్, దుష్మన్‌కు ఇక భయం ఉండదు. గొట్టంలో ఉన్నంతసేపే దాని రోబ్. పెద్ద జహాజులకు నష్టం రాకూడదని జర్మన్ అడ్మిరల్‌కు పైనుంచి హుకుం ఉంది. అందుకని ఆ చిన్న జహాజు ఉరికినప్పుడల్లా హిప్పర్ పక్కకు తప్పుకుంది. చివరికి హిప్పర్ గుండ్లు ఆన్‌స్లోకు తగిలాయి. ముందు తోపులు పోయాయి, మంటలు లేచాయి, పదిహేడు మంది చనిపోయారు. ఇనుప ముక్క షెర్‌బ్రూక్ ముఖం చీల్చింది, ఎడమ కన్ను పోయింది. ఆ స్థితిలో కూడా నడవలేనంతవరకు హుకుంలు ఇస్తూనే ఉన్నాడు. పొగ తెర వేస్తూ కాఫిలాను దాచిన ఎకేట్స్ అనే పాత డిస్ట్రాయర్ వంద మందికి పైగా మనుషులతో మునిగింది. ఇంతలో షెఫీల్డ్, జమైకా అనే క్రూజర్లు వచ్చి హిప్పర్‌ను తరిమాయి.

కాఫిలాలో పద్నాలుగు జహాజుల్లో ఒక్కటీ పోలేదు. షెర్‌బ్రూక్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. హిట్లర్‌కు ఎంత గుస్సా వచ్చిందంటే పెద్ద జహాజులన్నీ తుక్కు చేసేయండి అన్నాడు. నేవీ సర్దార్ రేడర్ ఇస్తీఫా ఇచ్చి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, టిప్పు సుల్తాన్ అని పేరు పెట్టుకోవడానికి ఈ జహాజుకు హక్కు ఉందా లేదా? నా లెక్కలో ఉంది. పెద్ద ఫౌజు ఎదుట చిన్న ఫౌజుతో నిలబడటం టిప్పు తారీఖులో ఉన్నదే. కానీ తారీఖు మజాకులు ఇక్కడితో ఆగవు. 1799లో శ్రీరంగపట్నం మీద అంగ్రేజులు దండెత్తినప్పుడు వాళ్ల పక్కన నిలబడింది ఎవరు? నిజాం ఫౌజు. ఆ ఫౌజుకు సర్దార్ మీర్ ఆలం, హైదరాబాదులో చెరువుకు పేరున్న మీర్ ఆలమే. టిప్పు తన కోట దర్వాజా దగ్గర మే 4న షహీద్ అయ్యాడు. నూట నలభై ఏళ్ల తర్వాత అదే అంగ్రేజుల కార్ఖానాలో నిజాం పేరున్న జహాజు, తర్వాత టిప్పు పేరు మోయబోయే జహాజు అన్నాదమ్ముల్లా ఒకదాని వెనక ఒకటి పుట్టాయి. ఇద్దరూ మనవాళ్లే అని ఒకే గోడ మీద రెండు తస్వీరులు వేలాడదీసుకునే ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లకు ఈ కథ చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

మూడోది రోథర్‌హామ్, ఆర్ క్లాసుకు సర్దార్. 1942 మార్చిలో నీళ్లలోకి దిగింది. ఆర్ క్లాసులో ఒక చిన్న సౌకర్యం కొత్తగా పెట్టారు. అంతకు ముందు అఫ్సర్ల గదులు ఓడ తోక దగ్గర ఉండేవి. తుఫానులో అక్కడి నుంచి ముందుకు రావాలంటే డెక్కు మీద లహర్ల మధ్య ప్రాణాలు చేతిలో పట్టుకుని పరుగెత్తాలి. ఈ క్లాసులో ఆ గదులను మధ్యకు తెచ్చారు. రోథర్‌హామ్‌కు బారెంట్స్ లాంటి మార్కా దక్కలేదు. జంగ్‌లో ఎక్కువ భాగం మన హింద్ మహాసముద్రంలోనే, తూర్పు నౌకాదళంతో తిరిగింది. 1945 సెప్టెంబరులో సింగపూర్ నేవల్ బేస్ జపాన్ చేతుల్లోంచి తిరిగి వచ్చినప్పుడు అక్కడ ఉంది. ఆ బేస్ దర్వాజాకు రోథర్‌హామ్ గేట్ అనే పేరు అలా వచ్చిందే.

1947. మౌంట్‌బాటెన్ మళ్లీ వచ్చాడు, ఈసారి వైస్రాయ్‌గా. బట్వారా అంటే మనకు రైళ్లు, కాఫిలాలు, పంజాబ్ గుర్తుకొస్తాయి. కుర్చీలు, టైపు మిషన్లు, ఏనుగులు పంచుకున్నట్టే జహాజులు కూడా పంచుకున్నారు. రాయల్ ఇండియన్ నేవీలో నదుల పేర్లున్న ఆరు స్లూప్‌లు ఉండేవి, డిస్ట్రాయర్ కన్నా నెమ్మదిగా నడిచే కాపలా ఓడలు. సట్లెజ్, జమున, కిస్తనా, కావేరి హిందుస్తాన్‌కు వచ్చాయి. నర్బద, గోదావరి పాకిస్తాన్‌కు వెళ్లాయి. కిస్తనా అంటే మన కృష్ణ. మన రెండు నదుల్లో ఒకటి ఇక్కడ మిగిలింది, ఒకటి అటు వెళ్లిపోయింది! ఆ గోదావరి మామూలు ఓడ కాదు, 1944 ఆగస్టులో సీషెల్స్ దగ్గర ఒక బ్రిటిష్ ఫ్రిగేటుతో కలిసి జర్మన్ జలాంతర్గామి యూ-198ని ముంచిన ఓడ. కరాచీలో దాని పేరు మార్చి సింద్ అన్నారు. రాజమండ్రి వాళ్లకు ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

పోయిన పేరును మనవాళ్లు మరచిపోలేదు. 1950ల మొదట్లో బ్రిటన్ నుంచి హంట్ క్లాసు డిస్ట్రాయర్లు మూడు తెచ్చుకున్నారు. వెయ్యి టన్నుల చిన్న జహాజులు, పేర్లన్నీ అంగ్రేజు జమీందార్లు గుర్రాల మీద నక్కలను వేటాడే జట్లవి. మొదట కట్టిన హంట్‌లో ఇంజనీర్ల హిసాబ్ తప్పి పైబరువు ఎక్కువై, ఒక జత తోపులు దింపేయాల్సి వచ్చింది. తర్వాతి వాటిని వెడల్పు చేసి సరిదిద్దారు. మనకు వచ్చిన మూడూ ఆ సరిదిద్దినవే: చిడింగ్‌ఫోల్డ్ గంగ అయింది, లామర్టన్ గోమతి అయింది, బెడేల్ గోదావరి అయింది. ఈ బెడేల్ జంగ్‌లో పోలండ్ నావికుల చేతిలో ఉండేది, పేరు ష్లొంజాక్. తమ వతన్‌ను జర్మన్లు మింగేశాక బ్రిటన్‌లో ఉండి లడాయి చేసినవాళ్లు. 1942 ఆగస్టులో ఫ్రాన్స్ తీరాన డియెప్ మీద దాడి కుప్పకూలినప్పుడు, ఒడ్డు నుంచి తప్పించుకొచ్చిన కెనడా సిపాహీలను ఎత్తుకున్న జహాజుల్లో ఇదీ ఉంది. ఒక గోదావరి కరాచీలో సింద్ అయితే, ఒక పోలిష్ జహాజు ఇక్కడ గోదావరి అయింది.

1949లో అంగ్రేజుల తిజారత్ ఎలా ఉందంటే, కాశ్మీర్ మీద లడాయి ఆగి ఏడాది కూడా కాలేదు, ఇద్దరికీ ఒకే దుకాణంలో ఒకే మాల్ అమ్మారు. అటు టిప్పు సుల్తాన్, తారిఖ్, కొద్దికాలానికి తుగ్రల్. ఇటు రాజ్‌పుత్, రంజిత్, రానా. అటు ముగ్గురూ ఓ క్లాసు, ఇటు ముగ్గురూ ఆర్ క్లాసు. తరవాత పాకిస్తాన్ ఇంకొన్ని తీసుకుంది. క్రిస్పిన్ జహాంగీర్ అయింది, చారిటీ షాజహాన్ అయింది, క్రియోల్ ఆలంగీర్ అయింది. వీటన్నిటికీ పైన బాబర్ అనే క్రూజరు. మొగల్ ఖాందాన్ మొత్తం అంగ్రేజు ఇనుముతో తయారైంది.

1965 సెప్టెంబరు 7 రాత్రి ఈ ఖాందాన్ ద్వారక తీరానికి వచ్చి కొన్ని నిమిషాలపాటు గుండ్లు కురిపించి వెళ్లిపోయింది. బాబర్, జహాంగీర్, షాజహాన్, ఆలంగీర్, ఖైబర్, బద్ర్. ఏడోది టిప్పు సుల్తాన్. హుమాయూన్, అక్బర్ ఆ వరసలో లేరు. అక్కడ జరిగిన నష్టం పెద్దగా లేదు, కరాచీలో జరిగిన జష్న్ మాత్రం చాలా పెద్దది. నాకు మనసులో గుచ్చుకునేది పేరే. కన్నడ గడ్డ మీద పుట్టి, అక్కడే షహీద్ అయి, అక్కడే గుంబజ్‌లో పడుకున్నవాడి పేరు రాసుకుని వచ్చి గుజరాత్ తీరం మీద తోపు పేల్చారు. టిప్పును ఎవరూ అడగలేదు. ఇక్కడ ఆయన పేరు పెట్టుకున్న వేలమంది పిల్లలనూ ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో కరాచీ నుంచి ఖత్‌లు ఆగిపోయాయని, మా నానీ డాకియా కోసం గడపలో కూర్చునేదని అమ్మీ చెప్పేది.

ఆరేళ్లకు జంగ్ మన విశాఖపట్నం గడపకు వచ్చింది. 1971 నాటికి రాజ్‌పుత్ బూఢా అయిపోయింది, సేవ నుంచి తీసేయడానికి సిద్ధంగా ఉంది. తూర్పు నౌకాదళం సర్దార్ వైస్ అడ్మిరల్ కృష్ణన్‌కు ఒక ఫికర్ ఉంది: విక్రాంత్ అనే విమానాల జహాజును వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ బంగాళాఖాతంలోకి వస్తోంది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, ఈ ముసలి రాజ్‌పుత్ చేత విక్రాంత్‌లా వైర్‌లెస్ మాటలు పంపించారు. బూఢా షేర్‌కు జవాన్ షేర్ గొంతు ఇచ్చారు. డిసెంబరు 3 అర్ధరాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ హార్బరు దాటింది. నీళ్లలో అనుమానంగా కదలిక కనిపించిన చోట డెప్త్ చార్జీలు వదిలింది. కాసేపటికి తీరం దాకా వినిపించిన పెద్ద ధమాకా. మర్నాడు మచ్చీమారులకు తేలుతున్న సామాన్లు దొరికాయి. గాజీ అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది.

రాజ్‌పుత్ డెప్త్ చార్జీలే ముంచాయని మన నేవీ చెబుతుంది. తమ మైన్లే పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. గాజీ కూడా దూసరీ జంగ్ జమానాదే, అమెరికా కట్టిన డయాబ్లో. అంటే ఇరవై ఏడేళ్ల ముందు ఒకే పక్షాన ఉన్న రెండు ఓడలు, ఒకటి క్లైడ్ నదిది, ఒకటి అమెరికాది, విశాఖ నీళ్లలో ఎదురుపడ్డాయి. ఆ నీళ్ల అడుగున అప్పటికే ఇంకో జలాంతర్గామి ఉంది. 1944 ఫిబ్రవరి 11న మన జమున స్లూప్, రెండు ఆస్ట్రేలియా ఓడలు కలిసి ముంచిన జపాన్ ఆర్ఓ-110.

మరుసటి రాత్రే కరాచీ దగ్గర మన మిసైల్ బోట్లు ఖైబర్‌ను ముంచాయి, రెండు వందల మందికి పైగా పోయారు. అది కూడా క్లైడ్ నది ఒడ్డున, ఇంకో కార్ఖానాలో కట్టిందే. అప్పటి పేరు కాడిజ్. షాజహాన్‌కు ఆ రాత్రి తగిలిన దెబ్బ నుంచి అది మళ్లీ కోలుకోలేదు.

2017లో మన తెలుగులో ఘాజీ అనే సినిమా వచ్చింది. అందులో కథ అంతా ఎస్-21 అనే హిందుస్తానీ జలాంతర్గామిది. సినిమా బాగానే తీశారు, ఇన్కార్ చేయను. కానీ ముసలి రాజ్‌పుత్‌కు హీరో వేషం దక్కలేదని నాకు అఫ్సోస్. ఆ వారాల్లో గాజీ అని పేరున్న మా దోస్తును తన దఫ్తర్‌లో అందరూ నీళ్లలో ఎప్పుడు మునుగుతావని అడిగేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంటికి వచ్చి మాత్రం నాకు ఫోన్ చేసి, ఆ ఓడకు నా పేరు నేను పెట్టానా భాయ్ అనేవాడు.

నిజాంను 1950ల మధ్యలో బ్రిటన్‌లో తుక్కు చేశారు. ఆస్ట్రేలియా నేవీలో ఆ పేరు మళ్లీ రాలేదు. తారిఖ్ 1959లో తిరిగి బ్రిటన్ వెళ్లి ముక్కలైంది. రాజ్‌పుత్‌ను 1970లలో కోసి అమ్మేశారు. ఆ పేరుతో రష్యా వాళ్లు కట్టిన ఇంకో డిస్ట్రాయర్ 1980లో వచ్చింది, నలభై ఒక్క ఏళ్లు తిరిగి 2021 మేలో విశాఖపట్నంలోనే జెండా దించుకుంది. టిప్పు సుల్తాన్ పేరుతో ఇప్పుడు కరాచీలో ఉన్నది చైనాలో కట్టిన ఫ్రిగేటు. క్లైడ్‌బ్యాంక్ యార్డు మూతపడింది, 1907 నాటి టైటాన్ అనే పెద్ద క్రేను మాత్రం నది పక్కన ఇంకా నిలబడి ఉంది.